ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకు ఏ నొప్పి మాత్ర: ముందు మందుల డబ్బా తెరిచి చూడండి

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో అక్కడ ఇచ్చిన మాత్రలు అయిపోతాయి. నొప్పి ఇంకా ఉంటుంది. అప్పుడు కొడుకో కోడలో మందుల షాపుకు వెళ్లి "నాన్నగారికి ఆపరేషన్ అయింది, గట్టి నొప్పి మాత్ర ఏదైనా ఇవ్వండి" అని అడుగుతారు. షాపులో డైక్లోఫెనాక్ ఉన్నదో ఎసిక్లోఫెనాక్ ఉన్నదో ఒక అట్ట చేతిలో పెడతారు. నాన్నగారు రోజూ పొద్దున వేసుకునే బీపీ మాత్ర పేరు అడిగే తీరిక వాళ్లకు ఉండదు. చెప్పాలన్న ఆలోచన వీళ్లకు రాదు.

నొప్పి తగ్గించే బలంలో ఈ మాత్రల మధ్య తేడా ఉన్న మాట నిజమే. కానీ డెబ్బై ఏళ్ల ఒంట్లో అవి చేసే హానిలో ఉన్న తేడా అంతకంటే చాలా పెద్దది. ఆ హాని నొప్పి ఎంత ఉందన్న దాని మీద కాక, కిడ్నీలు ఎలా ఉన్నాయి, గుండెకు స్టెంట్ ఉందా, రక్తం పలచన చేసే మందు నడుస్తోందా అన్న వాటి మీద ఆధారపడుతుంది. అందుకే ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూడకుండా నొప్పి మాత్ర ఎంచుకోకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం.

అలాగని నొప్పిని ఓర్చుకోమని కాదు. మన పెద్దవాళ్లలో చాలామందికి ఓర్చుకోవడమే అలవాటు. "ఎందుకురా మాత్రలు, రెండు రోజుల్లో అదే తగ్గుతుంది" అంటారు. కడుపు ఆపరేషన్ అయిన మనిషి నొప్పికి భయపడి నిండా గాలి పీల్చకపోతే, దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి నడవకుండా మంచం పట్టుకుంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది. తగ్గని నొప్పి వల్ల ముసలివాళ్లకు రాత్రిళ్లు మతి తప్పినట్టు మాట్లాడే స్థితి కూడా రావచ్చు. మాత్ర కావాలి. ఏదన్నదే ప్రశ్న.

పారాసిటమాల్: మొదటి ఎంపిక, చాలామందికి చివరి ఎంపిక కూడా

డోలో, కాల్పాల్, క్రోసిన్ అన్న పేర్లతో ఇంటింటా ఉండేది ఇదే. జ్వరం బిళ్ళ అనే పేరు పడిపోవడం వల్ల నొప్పికి ఇది చాలదని జనం అనుకుంటారు. నిజానికి ఇది చాలకపోవడానికి ఎక్కువసార్లు కారణం వేసుకునే పద్ధతి. నొప్పి భరించలేనంత అయ్యాక ఒకటి వేసుకుని, గంటలో తగ్గలేదని "ఇది పనిచేయదు" అని తీర్మానించేస్తారు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి 6 గంటలకో మాత్ర వేస్తే, అదే పారాసిటమాల్ మరోలా పనిచేస్తుంది. ముఖ్యంగా పొద్దున లేచి నడిపించడానికి ముప్పావు గంట ముందు ఒక మాత్ర పడితే ఆ నడక తేలికవుతుంది.

మోతాదు సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజు మొత్తానికి 4 గ్రాములు గరిష్ఠ పరిమితి అని పుస్తకాల్లో ఉంటుంది. 65 దాటినవాళ్లకు చాలామంది డాక్టర్లు 3 గ్రాముల దగ్గరే ఆపుతారు. 650 మిల్లీగ్రాముల మాత్ర 6 గంటలకొకటి చొప్పున 4 వేసుకుంటే 2,600 మిల్లీగ్రాములు. ఆ పరిమితికి లోపలే ఉంటాం. బరువు 50 కిలోల కంటే తక్కువగా ఉన్నవాళ్లకు ఒక్క మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 42 కిలోల అమ్మమ్మకు ఒకసారికి 630 మిల్లీగ్రాములే. ఆమెకు 500 మాత్ర సరిపోతుంది, 650 అక్కర్లేదు. తిండి సరిగా తినని మనిషికి, రోజూ మద్యం తాగే మనిషికి, కాలేయ జబ్బు ఉన్న మనిషికి పరిమితి ఇంకా తగ్గి 2 గ్రాముల దగ్గర ఆగుతుంది.

కాలేయ జబ్బు ఉంటే పారాసిటమాల్ ముట్టుకోకూడదన్న నమ్మకం ఒకటి బలంగా ఉంది. ఆ భయంతో డైక్లోఫెనాక్ వేసుకునేవాళ్లు ఉన్నారు. ఇది తలకిందుల లెక్క. లివర్ సిరోసిస్ ఉన్న మనిషికి 2 గ్రాముల లోపు పారాసిటమాల్ కంటే డైక్లోఫెనాక్ వర్గం మాత్రే ఎక్కువ ప్రమాదం. కిడ్నీని దెబ్బతీస్తుంది, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల నుంచి రక్తస్రావానికి దారితీస్తుంది. డాక్టరును అడిగి తక్కువ మోతాదులో పారాసిటమాల్ వాడటమే వాళ్లకు మేలు.

ఇందులో అసలు ప్రమాదం వేరేచోట ఉంది. పారాసిటమాల్ తన పేరుతో తాను రావడమే కాక, వేరే పేర్లతో కూడా ఇంట్లోకి వస్తుంది. మోకాలి ఆపరేషన్ అయి వచ్చిన ఒకావిడ మంచం పక్కన బల్ల మీద ఉండగల అట్టలు ఇలా తిరగేసి చూద్దాం. ఆస్పత్రివాళ్లు రాసిన అల్ట్రాసెట్ వెనుక చిన్న అక్షరాల్లో ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 అని ఉంటుంది. రోజుకు 3. షాపులో తెచ్చిన జీరోడాల్-పి వెనుక ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. రోజుకు 2. ఒళ్లు వెచ్చగా ఉందని వేసిన డోలో 650, రోజుకు 3. మూడు అట్టల్లోని పారాసిటమాల్ కలిపితే 975, 650, 1,950. మొత్తం 3,575 మిల్లీగ్రాములు. ఎవరూ ఎక్కువ మాత్రలు ఇవ్వలేదు, ఎవరి లెక్కలో వాళ్లు సరిగ్గానే ఉన్నారు. ఆవిడ బరువు 48 కిలోలైతే కాలేయానికి ఇది మోయలేని బరువే. దీని మీద జలుబు మాత్ర ఒకటి పడితే అందులోనూ చాలావరకు పారాసిటమాలే ఉంటుంది. కాంబిఫ్లామ్‌లోనూ 325 ఉంది.

కాబట్టి పెద్ద అక్షరాల పేరు వదిలేసి, వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. అట్ట చింపేటప్పుడు ఆ పేరు ఉన్న ముక్క చివరిదాకా మిగిలేలా రెండోవైపు నుంచి చింపుకుంటూ రండి.

రక్తం పలచన చేసే వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ వాడేవాళ్లకు ఒక మాట. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములకు మించి వరుసగా కొన్ని రోజులు వాడితే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పెరగవచ్చు. అయినా వాళ్లకు సైతం మిగతా అన్నిటికంటే ఇదే మేలు. ఐఎన్‌ఆర్ పరీక్ష ఒకటి ముందుకు జరుపుకుంటే చాలు.

డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, వాటి బంధువర్గం

వాపుతో కూడిన నొప్పికి ఈ వర్గం బాగా పనిచేస్తుంది. పన్ను పీకించుకున్నాక, ఎముకల ఆపరేషన్ అయ్యాక పారాసిటమాల్ కంటే ఇవి ఒక మెట్టు పైనే ఉంటాయి. అందుకే సర్జన్లు కూడా రాస్తారు. ఆస్పత్రిలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, సెలైన్ ఎక్కుతుండగా, రెండు మూడు రోజులకు రాయడం ఒక పద్ధతి. అదే చీటీని నెల తర్వాత షాపులో చూపించి మళ్లీ తెచ్చుకోవడం పూర్తిగా వేరే సంగతి. డైక్లోఫెనాక్, కెటోరోలాక్ వంటివి షెడ్యూల్ హెచ్ మందులు. చట్టం ప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర జరిగేది అందరికీ తెలిసిందే.

ఇవి చేసే హాని మూడు చోట్ల. కడుపు గురించి అందరికీ తెలుసు. గుండె గురించి కొందరికి తెలుసు. కిడ్నీ గురించి తెలిసినవాళ్లు తక్కువ, పెద్దవాళ్లను ఆస్పత్రికి తిరిగి చేర్పించే దెబ్బల్లో అది ఒకటి.

కిడ్నీలోకి రక్తం తగినంత వచ్చేలా అక్కడి రక్తనాళాన్ని తెరిచి ఉంచే రసాయనాలను ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. ఈ మాత్రలు నొప్పిని తగ్గించేది ఆ రసాయనాలను ఆపడం ద్వారానే. కుర్రవాడి కిడ్నీకి ఆ లోటు పెద్దగా తెలియదు. వయసు మీరిన కిడ్నీ, అందులోనూ ఆపరేషన్ ముందు ఉపవాసం, తర్వాత వాంతులు, సరిగా నీళ్లు తాగకపోవడం, బయట మే నెల ఎండ, ఇవన్నీ కలిసినప్పుడు ఆ రసాయనాల మీదే ఆధారపడి నడుస్తుంటుంది. దానికి రెండు రకాల బీపీ మందులు తోడైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఒకటి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వర్గం. రెండోది ఒంట్లో నీరు తీసే మాత్ర. ఈ రెండూ, నొప్పి మాత్రా కలిసిన స్థితిని కిడ్నీ డాక్టర్లు మూడు దెబ్బలుగా లెక్కిస్తారు. మా నాన్నగారు ఒక్క బీపీ మాత్రే వేసుకుంటారు కదా అని ధైర్యపడకండి. టెల్మా-హెచ్ అన్న ఒక్క మాత్రలోనే టెల్మిసార్టాన్, నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ రెండూ ఉన్నాయి. పేరు చివర హెచ్ అన్న అక్షరం ఉన్న బీపీ మాత్ర డబ్బాలో కనిపిస్తే, డైక్లోఫెనాక్ అట్టను షాపులోనే వదిలేసి రావడం మంచిది.

రాబందుల సంగతి ఇక్కడ గుర్తుకు రాకమానదు. పశువులకు నొప్పికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసి మన దేశంలో వాటి జాతిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లంత సున్నితం కాదు, ఆ పోలికతో భయపడాల్సిన పని లేదు. కానీ ఆ మందు కన్ను ఎక్కడ పడుతుందో మాత్రం తెలుస్తుంది.

క్రియాటినిన్ 1.1 ఉంది, బాగానే ఉంది అన్న మాట కూడా పెద్దవాళ్ల విషయంలో పూర్తిగా నమ్మదగ్గది కాదు. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. కండ కరిగిపోయిన 75 ఏళ్ల సన్నటి మనిషిలో కిడ్నీ సగం పనే చేస్తున్నా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. రిపోర్టులో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అన్న అంకె చూడండి. 60 కంటే తక్కువ ఉంటే ఈ వర్గం మాత్రలు అడగకుండా వద్దు, 30 కంటే తక్కువ ఉంటే అసలే వద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లయితే నొప్పి మాత్రకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి అనుకోవాలి. అక్కడ కిడ్నీ జబ్బు బయటపడకుండా ఉన్నవాళ్లు ఎందరో ఉంటారు.

గుండె విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో తన హెచ్చరికను మరింత గట్టి చేసింది. ఈ వర్గం మందులతో గుండెపోటు, పక్షవాతం ముప్పు మొదటి వారాల్లోనే పెరగవచ్చని, మోతాదు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుందని చెప్పింది. బైపాస్ ఆపరేషన్ అయిన వెంటనే నొప్పికి వీటిని వాడకూడదన్న నిషేధం అంతకు ముందునుంచే ఉంది. గుండె బలహీనంగా ఉండి కాళ్ల వాపులు వచ్చే మనిషికి ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెట్టి ఆయాసం తెప్పిస్తాయి.

గుండె కోసం ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్ర, వాడేవాళ్లకు ఇబుప్రోఫెన్‌తో ఇంకో చిక్కు ఉంది. ఆస్పిరిన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట ఇబుప్రోఫెన్ ముందుగా కూర్చుంటుంది. గుండెకు కాపలా అనుకుని వేసుకున్న మాత్ర ఆ పూట పనిచేయదు. ఎకోస్ప్రిన్ అయినా క్లోపిడోగ్రెల్ అయినా, నొప్పి మాత్ర కోసం మీ అంతట మీరు ఆపకండి. ఆపాల్సింది నొప్పి మాత్రనే.

ఈ వర్గంలో ఏది మేలు అని అడిగితే, డాక్టరు వాడమన్నప్పుడు తక్కువ మోతాదు ఇబుప్రోఫెన్ లేదా నాప్రోక్సెన్, వీలైనంత తక్కువ రోజులు అంటాను. డైక్లోఫెనాక్‌తో గుండె ముప్పు వాటికంటే ఎక్కువ. ఎటోరికాక్సిబ్ కడుపుకు కాస్త సౌమ్యమే, కానీ బీపీని పెంచే గుణం గట్టిది. అదే కుటుంబానికి చెందిన రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల కారణంగా 2004లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. నిమెసులైడ్ పెద్దవాళ్లకు వద్దే వద్దు. కాలేయాన్ని దెబ్బతీస్తుందని ఐర్లాండు 2007లో దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది, మన దగ్గర 2011 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు నిషిద్ధం. పన్ను నొప్పి అనగానే అందరి నోటా వచ్చే కెటోరాల్-డీటీలో ఉన్నది కెటోరోలాక్. నొప్పిని నిజంగానే ఇట్టే తగ్గిస్తుంది. అంతే ఇట్టే కడుపులో రక్తం కారేలా చేయగలదు. ఇంజెక్షన్లూ మాత్రలూ కలిపి 5 రోజులకు మించి వాడకూడదని దాని నియమం. ముసలివాళ్లకు వాడకూడని మందుల జాబితాగా అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం వెలువరించే బీర్స్ ప్రమాణాల్లో దాని పేరు ప్రత్యేకంగా ఉంది.

"గ్యాస్ మాత్ర వేసుకుని వేస్తే ఏమీ కాదు" అన్నది షాపుల్లో వినిపించే భరోసా. పాంటోప్రజోల్ పరగడుపున వేస్తే కడుపు పుండ్ల ముప్పు తగ్గుతుంది, అంతవరకు నిజం. కిడ్నీకి, గుండెకు అది చేసే మేలు ఏమీ లేదు. అన్నం తిన్నాక వేసుకున్నా అంతే. పొట్ట నిండితే కిడ్నీకి రక్షణ రాదు.

పేరు చివర తోకలు

ఎస్పీ, ఎంఆర్, స్పాస్ అని మాత్రల పేర్లకు వచ్చే తోకల్లో ఒక్కొక్క దాని వెనుక ఒక్కో అదనపు మందు ఉంటుంది. ఎస్పీలో ఉండేది సెరాషియోపెప్టిడేజ్, వాపు తీస్తుందని రాస్తారు. ఆ మందును దశాబ్దాలుగా అమ్మిన జపాను కంపెనీయే, పనిచేస్తుందని మళ్లీ చేసిన పరీక్షల్లో తేలక 2011లో దాన్ని వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఇంకా మామూలుగా నడుస్తోంది. డబ్బు దండగ అన్నది నా మాట.

ఎంఆర్ తోక దండగతో ఆగదు. అందులో సాధారణంగా కండరాలు సడలించే టిజానిడిన్ ఉంటుంది. బీపీని దించుతుంది, మత్తు ఇస్తుంది. రాత్రి మూత్రానికి లేచిన మనిషి తూలి పడితే, కుట్టిన తుంటి దగ్గరే మళ్లీ విరుగుతుంది. ఆపరేషన్ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ రాసి ఉంటే టిజానిడిన్‌తో దాన్ని కలపనే కూడదు. ఒంట్లో టిజానిడిన్ పరిమాణం ఎన్నో రెట్లు పెరిగిపోతుంది.

స్పాస్‌లో తరచుగా ఉండేది డైసైక్లోమిన్. కడుపు మెలిపెట్టే నొప్పికి పనికొచ్చేది, కుట్ల నొప్పికి కాదు. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకు మూత్రం బిగుసుకుపోతుంది, ముసలివాళ్లకు మతిమరుపు, తికమక వస్తాయి.

ట్రమడాల్: అవసరమే, కానీ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు

2018 నుంచి ఇది మత్తు పదార్థాల చట్టం కిందికి వచ్చింది కాబట్టి చీటీ లేకుండా దొరకకూడదు. కిడ్నీ బాగాలేక డైక్లోఫెనాక్ వర్గం వాడలేని మనిషికి, పారాసిటమాల్ ఒక్కటే చాలనప్పుడు, డాక్టర్లు దీన్ని తక్కువ మోతాదులో కొద్దిరోజులు ఇస్తారు. ఇచ్చినప్పుడు వేయండి. తల తిరగడం, వాంతి, మలబద్ధకం వస్తాయని ముందే తెలిసి ఉండాలి. మలబద్ధకానికి మొదటి రోజు నుంచే డాక్టరును అడిగి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదలుపెట్టాలి. హెర్నియా, మొలల ఆపరేషన్ అయిన మనిషి ముక్కాల్సి వస్తే కుట్లకు చేటు. ఈసబ్‌గోల్ వేస్తే దండిగా నీళ్లు తాగాలి, లేకపోతే అదే గడ్డకట్టి కూర్చుంటుంది. దిగులుకు, ఆందోళనకు సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి వాడే పెద్దవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ సంగతి ట్రమడాల్ రాసే డాక్టరుకు తప్పక చెప్పాలి. మూర్ఛ ఉన్నవాళ్లూ చెప్పాలి. నీరు తీసే మాత్ర, ట్రమడాల్ రెండూ ఒంట్లో సోడియం తగ్గించగలవు. ఉన్నట్టుండి మనిషి మాటలు తడబడితే వయసు మీద నెట్టేయకుండా సోడియం పరీక్ష చేయించండి.

పూత మందులు, చల్లటి కాపడం

మాత్రలు వాడలేని మనిషికి డైక్లోఫెనాక్ జెల్ మంచి మధ్యే మార్గం. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది 6 శాతం దగ్గర. కానీ గాయం మీద, కుట్ల మీద, వాటి చుట్టుపక్కల పూయకూడదు. కాబట్టి ఆపరేషన్ చేసిన మోకాలికి మొదటి వారాల్లో ఇది పనికిరాదు. భారమంతా మోస్తున్న రెండో మోకాలికి, వాకర్ పట్టుకుని నొప్పెట్టిన భుజానికి పనికొస్తుంది. పూశాక వేడి కాపడం పెట్టకండి, గుడ్డ చుట్టి బిగించకండి.

బామ్‌ల సంగతి కూడా చెప్పాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నాటి నుంచి మన ఇళ్లలో బామ్ లేని రోజు లేదు. బామ్‌లు, నొప్పి జెల్‌లలో చాలావాటిలో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. నుదుటికి కాస్త రాసుకుంటే ఏమీ కాదు. వార్ఫరిన్ వాడే మనిషి వీపంతా రోజుకు మూడుసార్లు మర్దన చేయించుకుంటే ఐఎన్‌ఆర్ పెరిగి రక్తస్రావం దాకా పోవచ్చు.

మోకాలి వాపుకు ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టడం మాత్రలతో సమానంగా లెక్కలోకి తీసుకోవాల్సిన వైద్యం. కట్టు తడవకుండా చూసుకోవాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు అక్కడ ఐసు పెట్టకూడదు. కడుపు ఆపరేషన్ అయినవాళ్లు దగ్గేటప్పుడు దిండును పొట్టకు అదిమి పట్టుకుంటే నొప్పి సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది.

అమెరికా నుంచి వచ్చిన సీసాలు

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో వందల మాత్రల సీసాలు అలమరలో ఉంటాయి. టైలెనాల్ అంటే పారాసిటమాలే, అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. డోలోతో కలిపి వేస్తే ఒకే మందు రెండుసార్లు వేసినట్టు. అందులో 8 గంటల రకం 650 మాత్ర, మన డోలో 650 ఒకటి కావు. అది నెమ్మదిగా కరిగేలా చేసింది, 8 గంటలకొకసారి వేయాలి, నమలకూడదు, పొడి చేయకూడదు. అడ్విల్ ఇబుప్రోఫెన్, అలీవ్ నాప్రోక్సెన్. అక్కడ కిరాణా కొట్టులోనే దొరుకుతాయి కాబట్టి మెత్తటి మందులని అనుకోవద్దు. పైన చెప్పిన కిడ్నీ, గుండె కథంతా వాటికీ వర్తిస్తుంది. పేరు చివర పీఎం అని ఉన్న సీసాను మాత్రం పెద్దవాళ్ల గదిలో ఉంచకండి. అందులో నిద్ర కోసం కలిపే డైఫెన్‌హైడ్రమిన్ ఆపరేషన్ అయిన ముసలివాళ్లను రాత్రంతా మతిలేకుండా చేయగలదు, మూత్రం బిగిస్తుంది.

ఏ ఆపరేషన్‌కు ఏది

కంటి శుక్లం ఆపరేషన్‌కు పారాసిటమాల్ చాలు. చాలామందికి ఒకటి రెండు మాత్రలతో సరిపోతుంది. అంతకు మించి నొప్పి వస్తే మాత్ర మార్చకండి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కన్ను పోయే ఇన్ఫెక్షన్ నొప్పితో మొదలుకావచ్చు.

పన్ను పీకించుకుంటే, కిడ్నీ, గుండె, కడుపు మూడూ బాగున్నవాళ్లకు ఇబుప్రోఫెన్ రెండు మూడు రోజులు, దానితో పారాసిటమాల్. ఆ మూడింటిలో ఒక్కటి బాగాలేకపోయినా పారాసిటమాల్ ఒక్కటే. దంతవైద్యుడికి బీపీ, షుగర్, గుండె మాత్రల పేర్లు చెప్పే అలవాటు మనకు తక్కువ. ఫోనులో ఆ అట్టల వెనుకవైపు ఫొటోలు తీసి పెట్టుకుంటే చూపించడం సులువు.

హెర్నియా, పిత్తాశయం ఆపరేషన్లకు మొదటి మూడు రోజులు గడియారం చూసి పారాసిటమాల్, తర్వాత అవసరాన్ని బట్టి. మోకాలి మార్పిడి వీటన్నిటికంటే కష్టమైన నొప్పి. పారాసిటమాల్ ఒక్కదానితో గడిపేయమనడం న్యాయం కాదు. అక్కడ సర్జన్ రాసిన రెండో మందు ఉంటుంది, అది ఎన్ని రోజులో చీటీ మీద రాయించుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అపిక్సాబాన్, రివరాక్సాబాన్ లాంటి మందు ఆ రోజుల్లోనే నడుస్తుంటుంది. షాపు నుంచి అదనంగా తెచ్చిన ఏ డైక్లోఫెనాక్ మాత్ర అయినా దాని మీద రక్తస్రావం ముప్పే. తుంటి విరిగి ఆపరేషన్ అయిన ఎనభై ఏళ్ల మనిషికి, బైపాస్ అయిన మనిషికి డాక్టరు రాయని నొప్పి మాత్ర ఏదీ, పారాసిటమాల్ తప్ప, ఇంట్లో ఇవ్వవద్దు.

షాపులో అడిగే తీరు మారితే చాలా మారుతుంది. "మా అమ్మగారికి 72 ఏళ్లు, మోకాలి ఆపరేషన్ అయి వారమైంది, టెల్మా-హెచ్, ఎకోస్ప్రిన్ వాడుతున్నారు, పారాసిటమాల్ తప్ప ఇంకేమీ కలవని మాత్ర ఇవ్వండి" అని చెబితే, ఫార్మసిస్టు కూడా చేతిలోని అట్ట కింద పెట్టి మీ చీటీ అడుగుతారు.

మాత్రతో కప్పిపుచ్చకూడని నొప్పులు కొన్ని ఉన్నాయి. తగ్గుతూ వచ్చిన నొప్పి ఐదో రోజో ఏడో రోజో మళ్లీ పెరిగి, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము వచ్చినా, చలిజ్వరం వచ్చినా అది ఇన్ఫెక్షన్ కావచ్చు. గంటకో డోలో వేస్తే జ్వరం కనపడదు, చీము ఆగదు. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే, ఛాతీలో నొప్పి వస్తే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. విరేచనం తారులా నల్లగా అయితే కడుపులో రక్తం కారుతోందని అర్థం. మూత్రం బాగా తగ్గిపోయినా, కళ్లు పచ్చబడినా నొప్పి మాత్రలన్నీ ఆపి డాక్టరును కలవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున డైక్లోఫెనాక్ వర్గం మాత్రను ఆపేయండి. బీపీ మాత్ర సంగతి ఫోను చేసి అడగండి.

నొప్పి తగ్గుతున్నప్పుడు మాత్రలు మానేసే వరుస కూడా ఒకటుంది. ముందుగా ట్రమడాల్ ఉన్న మాత్ర మానాలి. వారానికి మించి వాడి ఉంటే ఒక్కసారిగా కాక, రోజుకొకటి చొప్పున తగ్గించుకుంటూ రావాలి. తర్వాత డైక్లోఫెనాక్ వర్గం. చివరగా పారాసిటమాల్, అదీ ముందు పగటిపూటవి మానేసి, రాత్రి నిద్రకు ముందు వేసేది ఆఖరున. చాలా ఇళ్లలో దీనికి తిరగేసి చేస్తారు. తేలిక మాత్ర కదా అని పారాసిటమాల్ ముందు మానేసి, గట్టి మాత్రను నెల దాకా సాగదీస్తారు. మిగిలిన ట్రమడాల్ అట్టను దాచవద్దు. పక్కింటి పెద్దాయనకు నడుం నొప్పి అని ఇవ్వవద్దు. ఆయన మందుల డబ్బాలో ఏముందో మీకు తెలియదు.